దొర్నిపాడు దారిలో యెషయా ప్లాటు

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా లూదియక్క టీ అంగడి. ప్లాటు కొందామని నంద్యాల నుంచి వచ్చిన హరీష్ అడ్వాన్సు జేబులో పెట్టుకుని బెంచీ మీద కూచున్నాడు. పక్కనే బ్రోకరు యెషయా, గ్లాసు పట్టుకుని మొదలుపెట్టినాడు.

"రియలెస్టేటంటే బయపడాకప్పా. నేనూ చిన్నగానే మొదలుపెట్టినా. దొర్నిపాడు దారిలో రెండు సెంట్లు, అంతే. మూలలకు రాళ్లు నాటల్ల గదా, ఉత్త రాళ్లెందుకని మన ఊర్లో దేవుని బొమ్మలు చేసే శిల్పులతో చెక్కించినా. ఆ తర్వాత ఏమైందో తెల్సా? దావన పోయేటోళ్లు బండ్లాపి, చెప్పులిడిసి దండం పెట్టుకుంటాండారు. ఒకామె టెంకాయే కొట్టె. నేనేమో ఆదివారం చర్చికి పోయేటోన్ని, ఏం చెప్పల్ల?"

"రేటు పెరిగిందా అన్నా?" అన్నాడు హరీష్.

"పెరగడమా? నంద్యాల జిల్లా అయిన పొద్దు ఈడ్నే టీ చెప్పినా. అక్క పాలు పోసేతలికి రేటు డబల్, చక్కెర ఏసేతలికి దానికి డబల్. ఊదేకొద్దీ పెరుగుతాందని ఊదుతానే ఉన్నా, టీ సల్లారిపాయ."

"నాకు యాదే లేదే," అనింది లూదియక్క.

"ఆ పొద్దు గిరాకీ ఎక్కువలేక్కా. ఆ తర్వాత రోడ్డోళ్లొచ్చి, హైవేను నీ ప్లాటు కాడికి వంచుతామన్నారు. దుమ్ము పడతాది, వద్దన్నా. రైలోళ్లొచ్చి, నంద్యాల జంక్షనే ఎత్తుకొచ్చి నీ ఈశాన్యం మూల పెడతామన్నారు. ఆడ బరువు పెట్టకూడదని ఎనక్కి పంపినా. ఇప్పుడు నా నేలంతా అమ్ముడుపోయి, పైన గాలి అమ్ముతాండా. మొన్న ఇమానమొకటి పైన ఆగి, పోవచ్చునా అని నన్నడిగి పోయింది. నువ్వు తమ్మునట్లాటోనివి గాబట్టి, నా పక్క ప్లాటే ఇప్పిస్తా. బేగా అడ్వాన్సియ్యి, రేపు ఈ బెంచీ మీద నువ్వూ నా మాదిరే చెప్తాంటావ్."

హరీష్ చెయ్యి జేబులోకి పోయింది.

మూలన దొర్నిపాడు రైతు ఇమ్మానుయేలు అంతసేపూ ఊరికే విన్నాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు: "యెషయా, నీ ప్లాట్లు మా చేని పక్కన వంకలో ఉండేటివే గదా? నిన్న మా బర్రెలు దాంట్లోనే ఈదులాడ్య."

అందరూ యెషయా మొగం చూసినారు. ఆయప్ప రవ్వంత కూడా తగ్గలేదు.

"నేను చెప్పేదీ అదే. నీళ్లు కనపడే ప్లాటుకు యాడన్నా రేటెంతుందో కనుక్కోపో."

హరీష్ ఉత్త చెయ్యి బయటికి తీసి లేచినాడు.

"నాకు ఈత రాదులేన్నా," అని నంద్యాల బస్సెక్కినాడు.