కలకు చెప్పిన అర్థం

పెనుకొండ దగ్గరి పల్లెలో, కొడుకు పెద్దకర్మ అయిన మరుసటి రోజు, అత్తాకోడళ్లు వసారాలో కూచుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నారు.

“రాత్రి నీ కొడుకు కల్లోకి వచ్చినాడత్తా.”

“ఎట్లుండాడు?”

“బాగుండాడు. గట్టుమీద కూచోని సంగటి తింటాండాడు.”

“ఊఁ.”

“పోయిన నెల ఆయప్ప చచ్చిపోయినట్ల కలొచ్చిందని నీకు చెప్తి గదా.”

“చెప్తివి.”

“కల్లో చచ్చిపోతే ఆయుస్సు పెరుగుతాదంటివి.”

“అందరూ అనేదే గదమ్మా.”

“ఆ పొద్దే గుండెల్లో నొప్పంటాండె. హిందూపురం ఆస్పత్రికి పోదామంటే, అంత మంచి కలొచ్చినాక యాడికీ పోయే పన్లేదంటివి.”

అత్త చేతిలోని కాయ ఒలిచి, చూడకుండానే గింజలు చాటలో వేసింది.

“ఇప్పుడు బతికుండేట్ల వచ్చినాడు. దీనికేం అర్థం చెప్తావు?”

“నాకేం తెలుసు?”

“అప్పుడెట్ల తెలిసె?”

“అప్పుడూ తెలీదు. నీకంటే రెండు దినాలు ముందే నాకూ అదే కలొచ్చింది. ఎవురికీ చెప్పలేదు.”

“మరి ఆయుస్సు పెరుగుతాదని నాకెందుకు చెప్తివి?”

“నీకు కాదమ్మా. నాకు నేనే చెప్పుకుంటి.”

కోడలు చాట తనవైపు జరుపుకుంది.

“పుచ్చుగింజలు పక్కన పెట్టత్తా. విత్తనంలో కలిపేస్తాండావు.”