మూడు కాళ్ళ స్టాండు

చాందినీ చౌక్ కెమెరా దుకాణంలో ఆయన ఇంకో స్టాండు కాళ్ళు విప్పి, పట్టుకుని ఊపి చూశాడు. కంటోన్మెంటు నుంచి బస్సులో నిలబడే వచ్చిన ఆమెకి అప్పటికే కాళ్ళు పీకుతున్నాయి.

“ఇదీ ఒక స్టాండేనా? మిడత కాళ్ళలా ఉన్నాయి. ఫ్యాన్ గాలికే ఊగిపోతోంది.”

“మీరు ఊపుతున్నారు కాబట్టి ఊగుతోంది.”

“నీకేం తెలుసే! భయ్యా, కెమెరా కింద బిగించే ప్లేటు చూపించు. ఛీ, ఇదేం రేకు? నా రేంజ్‌ఫైండర్ కెమెరాకి ఫిల్ము అడుగు నుంచి ఎక్కించాలి. ఇది అడుగంతా మూసేస్తుంది.”

“అంటే రీలు అయినప్పుడల్లా దాన్ని ఊడదీస్తారా? అందాకా మేం ఎండలో పళ్ళికిలించుకుని నిలబడాలా?”

“అందుకే చిన్న ప్లేటు కావాలంటున్నా. మన క్వార్టర్స్‌లో నాలా ఫోటో తీసేవాడు ఒక్కడున్నాడా?”

“లేడు. మన ఆల్బంలో పక్కింటి మేజర్ గారి కుక్క కూడా ఎంత బాగా పడిందో! సరే, స్టాండు కొన్నాక బటన్ ఎవరు నొక్కుతారు?”

“నేనే. దానంతటదే నొక్కుకునే ఏర్పాటు ఈ పాత కెమెరాకి లేదుగా.”

“మరి స్టాండెందుకు?”

“కెమెరా కదలకుండా. అదీ తెలీదా?”

ఆ ఆల్బంలో ఆయన ఫోటో ఒక్కటీ లేదన్న సంగతి ఆయనకింకా తట్టనేలేదని ఆమెకి అర్థమైంది.

“సోమవారం మీరు లేహ్ పోస్టింగ్‌కి వెళ్ళిపోతారు. చంటిది నాన్నేడని అడిగితే ఏం చూపించమంటారు? ఈ స్టాండునా?”