దొర దిగని మిద్దె

సభకు అధ్యక్షత వహిస్తున్న మా బడి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ చెన్నకేశవ గారికి, నన్ను రిటైర్ చేసి ఇంటికి పంపడానికి ఇంత ఉత్సాహంగా షామియానా వేయించిన ప్రధానోపాధ్యాయులు మల్లికార్జునయ్య గారికి, సహోపాధ్యాయులకు, పులివెందుల నుంచి బస్సులో నిలబడి వచ్చిన పాత విద్యార్థినులకు, మిక్చరు పొట్లాలు ఎప్పుడు పంచుతారా అని వెనక నిలబడి చూస్తున్న మా వీధి పెద్దలకు ఈ అనసూయ నమస్కారాలు. (నవ్వులు)

ఇంతవరకు మాట్లాడినవాళ్ళంతా నన్ను శాంతమూర్తి అన్నారు. ఆ మాట వినగానే ఎనిమిదో తరగతి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, నేను గమనించాను. ప్రొద్దుటూరు చరిత్రను వెలికితీశానని కూడా అన్నారు. అదీ పెద్దమాటే. నేను చేసిందల్లా ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకొని పాత మిద్దెల ముందు నిలబడి, ఈ గోడ ఎవరు కట్టించారు, ఈ అరుగు ఇంత వెడల్పు ఎందుకు అని అడగడం. మన ఊర్లో పాత ఇంటి వైపు కాసేపు చూస్తే కొంటారా అని అడుగుతారు, ఇంకాసేపు చూస్తే పాతిపెట్టిన నిధి కోసం వచ్చారనుకుంటారు. బంగారం అంగళ్ళ ఊరు కదా, అనుమానం కూడా దాని మీదికే పోతుంది.

మొదట్లో ఒకసారి, ఎవరు ఏ ఇంటి గురించి రాయాలో తెలియడానికి గోడల మీద సుద్దముక్కతో అంకెలు వేశాను. అంతే, సాయంత్రానికల్లా రోడ్డు వెడల్పు చేస్తున్నారని వీధంతా గగ్గోలు. గోడ మీద అంకె పడిందంటే సగం ఇల్లు పోయినట్టేనని ఈ ఊరి అనుభవం. ఒక పెద్దమనిషి, పేరు చెప్పనులెండి, ఇక్కడే కూర్చుని ఏమీ ఎరగనట్టు పైకి చూస్తున్నారు, తన గోడ మీది అంకె తుడిచేసి ఎదురింటి గోడ మీద రాసొచ్చారు. (నవ్వులు) ఎదురింటి అబ్దుల్ సత్తార్ గారు బయటికొచ్చి చూస్తే ఆయన గోడకు రెండంకెలు. “అందరివీ ఒకతూరి, నాది రెండు తూర్లు పడగొడతారంటనా?” అని నేరుగా కౌన్సిలరు ఇంటికే పోయారు పాపం.

ఆ గొడవలో నిబ్బరంగా ఉన్నది ఒక్కరే, మన అధ్యక్షుల వారి తల్లి పెంచలమ్మ గారు. నేను తడిగుడ్డ పట్టుకొని అంకెలు తుడుస్తుంటే వచ్చి, నన్ను ఆఫీసరమ్మ అనుకొని చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయారు. “లోపల గూడా కొల్చుకోని పో తల్లీ. కొడితే అంతా కొట్టండి. సగం కొట్టి పోతే వానకు మేం యాడ పండుకోవాల?” అన్నారు. నేను సోషల్ టీచర్నని తెలిశాక మజ్జిగిచ్చి, అయితే ఈ ఇల్లు చూపిస్తా కూర్చో అన్నారు. అప్పటి నుంచి ఆ మిద్దెకు పోని వారం లేదు.

ఆ మిద్దెకు గొప్ప చరిత్ర ఉందని చెన్నకేశవ గారి నమ్మకం. జమ్మలమడుగు నుంచి గుర్రం మీద వస్తూ ఎవరో తెల్లదొర ఆ ఇంట్లో దిగాడట. లోపలి వాకిట్లో ఉన్న రాతి తొట్టి ఆ గుర్రానికి నీళ్ళు పెట్టినదట. అయ్యా, ఆ తలవాకిట్లో నేనే తల వంచి పోవాలి. గుర్రం పోవాలంటే పాకాలి. (నవ్వులు) అది గొర్రెల తొట్టి. వాళ్ళ తాత గొర్రెల వ్యాపారం చేసి, కష్టపడి కట్టించుకున్న ఇల్లది. ఆ మాట చెప్పినందుకు కేశవన్న చాలా రోజులు నన్ను చూసి రోడ్డు దాటిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. పెంచలమ్మ గారు పోయినేడాది కాలం చేశారు. వెలుతురు కోసం వదిలిన గవాచి పక్కన కప్పు కారుతోంది, ఇంటికి ఇద్దరన్నదమ్ములు. తమ్ముడు భాస్కర్ పడగొట్టి కాంప్లెక్సు కడదామంటున్నారు, వచ్చే నెల జేసీబీ వస్తుందట. కేశవన్నకు మనసొప్పక నిన్న మా ఇంటికి వచ్చారు. “మేడమ్, రేపు మైకులో దొర దిగినాడని ఒక్కమాట జెప్పు. నువ్వు జెప్తే అందరూ నమ్ముతారు. దొర దిగిన ఇల్లంటే మావోనికి గూడా చెయ్యాడదు” అన్నారు. అన్నా, అట్లా తల దించుకోకండి. ఆ మిద్దె పోతుందంటే మీకన్నా నాకే ఎక్కువ దుఃఖంగా ఉంది. ఒక్క అబద్ధమే కదా, ఆడేద్దామా అని నిజంగానే అనుకున్నాను. కానీ ఆధారం లేనిది నమ్మొద్దని ఇన్నేళ్ళు పిల్లల్ని తిట్టిన నోరు ఇది, తిరగడం లేదు. దొర రాలేదన్నా.

వచ్చిందెవరో చెబుతాను. గండికోట జలాశయంలో నీళ్ళు నిలిపినప్పుడు, కొండాపురం వైపు ఊరు ఖాళీ చేసి వచ్చిన ఒక కుటుంబం మూటలతో బస్టాండులో కూర్చుని ఉంటే, చుట్టం కాకపోయినా పెంచలమ్మ గారు తెచ్చి ముందు పడసాలలో పెట్టుకున్నారు. పునరావాస కాలనీలో వాళ్ళ ఇల్లు లేచేదాకా ఉంచుకున్నారు. వాళ్ళ అమ్మాయి అనురాధ నా క్లాసులోనే చేరింది. మీ ఊర్లో పాత కట్టడం గురించి రాయండని ఒకరోజు అందరికీ చెప్పాను. ఆ పిల్ల లేచి, “మా ఊర్లో ఇండ్లన్నీ నీళ్ళల్లో ఉండాయి మేడమ్. దేన్ని గురించి రాయల్ల?” అంది. చివరికి పెంచలమ్మ గారి మిద్దె గురించి రాసింది. కప్పులోని గవాచి నుంచి పొద్దున్నే ఎండ ఏ మూలన పడుతుందో, ఆ మూలన అవ్వ తనను చదువుకోమని ఎట్లా కూర్చోబెట్టేదో రాసింది.

అనురాధ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. అదిగో, వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. నేను ఇక్కడ పెరిగాను అని వేలు పెట్టి చూపించడానికి ఆ పిల్లకు మిగిలిన పాత గోడ అదొక్కటే. కేశవన్నా, ఆ గోడకు అక్షరాలు చెక్కిన రాయి వేయించాలంటే వేయించండి. ‘ఊరు మునిగినవాళ్ళు ఇక్కడ దిగారు, ఈ ఇంటి పెంచలమ్మ దించుకున్నారు’ అని రాయించండి. సాక్షులు ఈ షామియానా కిందే ఉన్నారు. అది చదివి కూడా పడగొడతామంటే నేను అడ్డం రాలేను. రేపటి నుంచి నాకు ఏ అధికారమూ లేదు, ఇన్నాళ్ళూ ఉన్నది కూడా అంతంతమాత్రమే. (నవ్వులు)

ఏం భాస్కరా, లేచినావు? చెప్పు నాయనా, ఇక్కడికి వినపడలేదు. అందరూ కాస్త నిశ్శబ్దంగా ఉండండి.

(విరామం)

వెనక ఉన్నవాళ్ళకు వినపడలేదట, నేనే చెబుతాను. “ఆ రాయి మీద మాయమ్మ పేరు కిందెక్కడో రాస్తే ఒప్పుకోను మేడమ్. పైన రాయల్ల” అంటున్నారు.

పైనే రాయిద్దాం నాయనా. జేసీబీని రావొద్దని నువ్వే చెప్పు. మీ అందరికీ రుణపడి ఉంటాను. సెలవు.