మేక టికెట్టు కథ కంప్యూటరెక్కిన ముచ్చట

"అవ్వా, నీ కథలన్నీ నెట్ల పెడ్త. నువ్వు చెప్తుండు, నేను ఫోన్ల రికార్డు చేస్త. నీకిది కొత్తగుంటది గదా?"

ఏంది, కొత్తనా? నవ్వొస్తుంది బిడ్డ నీ మాటకు. నువ్వు పుట్టకముందే నా కథ కంప్యూటరెక్కింది. ఆ ఫోను జర దగ్గరికి జరుపు. ఇంటుందా అది? సరే.

మేం ఎల్లారెడ్డిల బీడీలు చేస్తుంటిమి గదా. మా అరుగు మీద వాడకట్టు ఆడోళ్లంత కూడేది. పక్కింటి ఖైరున్నీసా అయితే పొద్దు పొడవంగనే చాట వట్టుకొని వస్తుండె. ఒళ్లె చాట, చాటల తంబాకు, తునికాకు. చేతులకు పనుంటది గని చెవులకు ఉండది గద? నేను ఏడో తరగతి దాక చదివిన. గందుకే నన్ను పుస్తకం చదువుమనేటోళ్లు. మరి నేను చదువుకుంట కూసుంటే నా బీడీలెవరు చేయాలె? తలా ఇన్ని చేసి నా చాటల ఏస్తుండిరి. గది మా కట్టుబాటు. ఎవలూ చెప్పలే, ఎవలూ తప్పలే. గప్పుడు చాయ పావలకు... కాదు కాదు, ఇంక తక్కువనే ఉండె. ఏం చెప్తున్న? ఆఁ, పుస్తకాలు.

కిరాయికి తెచ్చినయన్నీ అయిపోయినయి. చదివిందే ఎన్నిసార్లు చదువుత? ఒకనాడు పుస్తకం చేతుల వట్టుకొని, అండ్ల లేని కథ చదివిన! మేకను బస్సెక్కిచ్చిన ముసలామె కథ. కండక్టరు మేకకు టికెట్టు తీయమంటడు, సీటిస్తెనే తీస్త అంటది ఆమె. నవ్వి నవ్వి ఖైరున్నీసా చాట ఒంపుకున్నది. తంబాకంత నేల పాలు. "ఏ పేజీల ఉందే, సూపియ్యి" అన్నది. ఏం సూపియ్యాలె? దొరికిపోయిన. కోపం జేస్తదనుకుంటే, "ఇది మన అరుగు మీద పడి ఉండొద్దే, నాలుగూళ్లు తిరగాలె" అన్నది. గా మాటకు ఆశ పుట్టింది బిడ్డ. అబద్ధమెందుకు, మస్తు ఆశ పుట్టింది.

కామారెడ్డిల పెండ్లి పత్రికలు కొట్టే ప్రెస్సు ఉండె. డెబ్బైలల్ల ముచ్చట. మీ తాత "నీకు పిచ్చి లేసింది" అన్నడు గని, ఎంట వచ్చిండు. సన్న పుస్తకం అచ్చేపిచ్చిన. బీర్కూర్ దాక పోయింది. చూస్తుండంగనే అయిపోయినయి. మల్ల కావాలంటున్నరని ఉరికిన. ప్రెస్సాయన ఏమన్నడు? "సీసం అచ్చరాలు ఇడదీసి పెండ్లి పత్రికలకు వాడుకున్నమమ్మా, మల్ల మొదటికెల్లి పేర్చాలె" అన్నడు. గంత పెట్టుబడి నాకెక్కడిది? ఏడ్సుకుంట బస్సెక్కిన. నా మేక గాడనే ఆగిపాయె, ఎన్నేండ్లో.

తొంభైలల్ల గదే కామారెడ్డిల కంప్యూటర్ దుకాణం వెట్టిండ్రు. అండ్ల టైపు చేసే ఆమె పేరు రుక్మిణి, మంచి మనిషి. కథంత కొట్టి, కాయితాలిచ్చి, నల్లటి సదరపు బిళ్లొకటి చేతుల వెట్టింది. ఫ్లాపీ అంటరట. "పెద్దమ్మా, నీ కథ ఇండ్ల ఉంది, పైలంగ దాసుకో, ఎప్పుడు తెస్తే అప్పుడు కొట్టిస్త" అన్నది.

మా ఇంట్ల పైలంగ దాసేది ఏముంటది? తునికాకే. ఎండితే పలుగుతదని తడి గోనెల చుట్టి పెడ్తం. ఇది గూడ పలుగుతదేమోనని గా గోనెలనే, ఆకు నడుమ వెట్టిన!

నవ్వకు. ఇను. గా కాయితాలతోని కొట్టిచ్చిన పుస్తకాలైపోయినయి, బిళ్ల తీస్కపోయి రుక్మిణికిచ్చిన. దులిపితే నీళ్లు కారినయి. మల్ల గదే గతి వట్టిందనుకున్న. ఆమె కడుపు వట్టుకొని నవ్వింది. "పెద్దమ్మా, కంప్యూటర్ల గూడ ఉంచిన" అని ఏదో నొక్కింది. తెర మీద నా ముసలామె, నా మేక! ఒక్క అచ్చరం గూడ ఇడిపోలే. గప్పటికెల్లి అడిగినోళ్లకల్లా కొట్టిచ్చిన. ఒక్క పుస్తకం పోయిందంటే ఒక అరుగంత ఇన్నట్టే గదా. ఎన్ని అరుగులో!

ఒకసారి కామారెడ్డి నుంచి బస్సుల వస్తున్న. పక్క సీట్ల మాచారెడ్డామె ఇంకొకామెకు నా మేక కథ చెప్తుంది, కండ్లార చూసినట్టు. నేనాగలేక, "అవ్వా, గది నేను రాసిందే" అన్న. కిందికెల్లి మీది దాక చూసింది నన్ను. "నువ్వు రాసుడేంది? గది మా మాచారెడ్డిల అయిన ముచ్చట" అన్నది! నేనేం కొట్లాడలే. కిటికీ దిక్కు మొకం తిప్పి నవ్విన. నవ్వుతుంటే కండ్లల్ల నీళ్లు. నేను గెలిచిన బిడ్డ గానాడు.

ఇంటికొచ్చి ఖైరున్నీసాకు చెప్పిన. ఆమె ఏం జేసిందో ఎర్కనా? ఇంత పెద్ద పిడికెడు బీడీలు తీసి నా చాటల ఏసింది.

పెట్టు బిడ్డ, నీ నెట్ల పెట్టు. ఏ దేశపోళ్లు చదివినా గిది మా ఊరి ముచ్చటనే అనాలె. నీ చెయ్యి సల్లగుండ. ఫోను పైలం... తడి గోనెల మాత్రం వెట్టకు.