ముందే కళ్ళకద్దుకున్న నాంచారి

నాంచారి అని మా ఎనకింటి సుబ్బులమ్మ మనవరాలు, దానికి కరాటే మీద మనసు పడిందంట. ఆడపిల్లవి, ఆ గంతులేందే అని ఊరంతా అడిగితే, మీకేం, నా కాళ్ళు నేను ఎగరేసుకుంటున్నా అనేదంట. నోరు అట్టాంటిది. ఖాళీగా పడున్న వడ్ల గోడౌన్లో జక్రయ్య మాస్టారు నేర్పేవాడు. మొదట్లో దీనికి తెల్ల బెల్టు కట్టుకోడం కూడా రాలేదనుకో, గేదెకి పలుపు ముడేసినట్టు ఏసుకునేది, ఇంటికొచ్చినాక నాయనమ్మ పళ్ళతో ఇప్పేది. అట్టా నేర్చింది, నేర్చింది, గుద్దులు నేర్చింది, తన్నులు నేర్చింది, పచ్చ బెల్టొచ్చె, ఊదా బెల్టొచ్చె. గాల్లో తన్నమంటే ఆ గాలికే భయమేసేదంట.

అయితే ఏమైందంటే, స్పారింగ్ అని ఒకటుంది కదా, ఇద్దరు ఎదురెదురు నిలబడి నిజంగా కొట్టుకోడం, అక్కడొచ్చింది చిక్కు. మన కాలు ఎవరికన్నా తగిలితే ఏం చేస్తాం? వాళ్ళని ముట్టుకుని కళ్ళకద్దుకుంటాం, అవునా? ఇదీ అంతే. తన్నేది, బాగానే తన్నేది, కాలు తగలంగానే వంగి ఎదుటోడిని ముట్టుకుని కళ్ళకద్దుకునేది. వాడూరుకుంటాడా, వంగిన నెత్తి మీద ఒక్కటిచ్చేవాడు. మళ్ళీ తన్నేది, మళ్ళీ వంగేది, మళ్ళీ తినేది. మాస్టారు తిట్టాడు, బతిమాలాడు, ఒకసారి చేతులు ఎనక్కి కట్టేశాడంట. చేతులు కట్టేస్తే మెడ వంచి దణ్ణం పెట్టింది. నవ్వమాకండి, మీరైనా అంతే.

అంతలో మాస్టారు తెనాలిలో కూతురి దగ్గరే ఉండిపోవాల్సొచ్చింది. పిల్లలకి నేర్పే వయసు దీనికొక్కదానికే ఉంది, కానీ పరీక్షలో నన్ను తన్ని వంగకుండా నిలబడాలి, నిలబడకపోతే గోడౌన్‌కి తాళమే అని చెప్పాడంట. ఇంక చూడండి దీని అవస్థ. తోటిపిల్లలకి కాలు తగిలితేనే వంగే మనిషి, గురువు మీద కాలు ఏసుద్దా? తన్నితే పాపం, తన్నకపోతే నన్ను చూసి గోడౌన్‌కొచ్చే ఆడపిల్లలంతా మళ్ళీ ఇంట్లో కూర్చోవాలి, నేనేం చెయ్యనే అని నాయనమ్మ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ ముసల్ది ముంజికాయలు కోస్తా, నిదానంగా, "మీ తాత కల్లుకి రోజూ తాడిచెట్టు మీద కాళ్ళు పెట్టే కదే ఎక్కింది. చెట్టుని ముట్టుకుని కళ్ళకెప్పుడద్దుకునేవాడు, ఎక్కేముందా, దిగినాకా?" అందంట. ఇది ఏడుపాపి నాయనమ్మ మొహం కేసి చూసిందంట.

పరీక్ష రోజు ఊరు ఊరంతా గోడౌన్ కాడే ఉంది. నాంచారి నేరుగా మాస్టారి దగ్గరకెళ్ళి, భుజం ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇప్పుడెందుకే, ఇంకా తన్నలేదు కదా అన్నాడాయన. "ఇప్పుడు తగలబోయేదానికి, మాస్టారూ" అంది. అని తన్నింది చూడూ, ఆయనెళ్ళి గోనెసంచుల మీద కూలబడ్డాడు. ఇంక వంగుద్ది, ఇంక వంగుద్ది అని అందరం చూస్తన్నాం. వంగలా. పిడికిళ్ళు ఎత్తి పెట్టుకుని, లేవండి అన్నట్టు నిలబడింది. మాస్టారు పక్కటెముకలు పట్టుకుని, నవ్వుకుంటా, జేబులోంచి గోడౌన్ తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టాడు. అప్పుడేడ్చింది పిచ్చిది.

ఇప్పుడు స్పారింగ్ నేర్పేది నాంచారే. దాని దగ్గర పిల్లలు జోడీ కట్టంగానే ముందు ఒకళ్ళనొకళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు, ఆనక వాయించుకుంటారు. అందుకే చెప్తన్నా, మా ఊళ్ళో ఏ ఆడపిల్లైనా వచ్చి ఊరికే మిమ్మల్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటే, ఎంత మర్యాదో అని మురిసిపోమాకండి. ముందు పక్కకి జరగండి.