పొద్దున రెండు, రాత్రి రెండు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర, ఇండ్ల మీదికెళ్లి ఇమానాలు పోయే పాల్మాకులల జ్ఞానదాసు ఇంటి అరుగు. ఊరి దవాఖాన నర్సు షెకీనా చీటీల సంచి ముంగటేసుకొని కూసున్నది. లోపల జ్ఞానదాసు పెండ్లాం యేసమ్మ చాయ్ కాస్తున్నది.

“ఏడాదిల తొమ్మిది సార్లు పట్నం దవాఖానల పడ్డవు తాతా. తొమ్మిది సార్లు! ఎందుకో అడిగి రాసుకరమ్మన్నరు.”

“రాస్కో బిడ్డా. డాక్టర్లకు పని రాక అని రాస్కో.”

“జర సక్కగ చెప్పు. ఇంకోసారి గిట్ల పడితే ఊపిరి మిషను మీదికెళ్లి లేవవు అన్నది డాక్టరమ్మ.”

“సక్కగనే చెప్తున్న. ఊపిరితిత్తులాయన నా కాళ్లు సూడడు. షుగరాయన ఛాతి మీద చెయ్యి పెట్టడు. గుండెకాయన మూడో అంతస్తుల కూసుంటడు. మెట్లెక్కి పోయేసరికి గుండె ఉరుకుతది. ‘ఏంది, గిట్ల ఉరుకుతున్నది?’ అని నన్నే అడుగుతడు. కోడిని పంచుకున్నట్టు పంచుకున్నరు నన్ను... ఆగు, ఇమానం పోనీ.”

“ఏ ఇమానం తాతా? మోతే లేదాయె. దమ్మాడక ఆగినవని చెప్పు.”

“వస్తది తియ్. మా అన్న ఇమ్మాన్యుయేలు నాతోటి కంకర మిషను కాడ దుమ్ము మింగినోడే. మొన్న క్రిస్మస్ ముంగట వాళ్ల చేతులల్లనే పాయె. మందులు పనిజేస్తలేవంటరు, పెద్ద మందులు రాస్తరు. వాళ్లే సంపిన్రు మా అన్నను.”

“ఏమయ్యా, ఆ పిల్లనేమంటవు? మూడో తరగతి సదివినందుకే ఇంత నోరా!”

“నువ్వు చాయ్ కాయి యేసమ్మా. మూడో నాలుగో, చీటీ సదివేది ఈ ఇంట్ల నేనే. ఊళ్లె సగం మందికి నేనే సదివి చెప్త.”

“సరే తాతా. షుగరు పోయినేడు రెండొందలుండె, ఇప్పుడు నాలుగొందలు. ఏం తింటున్నవు?”

“రాసిందే తింటున్న. షుగరాయనకు గూడ గదే చెప్పిన, మీవోళ్లు రాసిందే తింటున్న సారూ అని. ఇంకో గోలి పెంచిండు. ఊపిరితిత్తులాయన, పఫ్‌లు తప్పకుండ తీసుకుంటున్నవా అన్నడు. ఒక్క పూట తప్పలే అన్న. అయినా తగ్గలేదా అని మందు పెద్దది జేసిండు. ఏం సదువులో ఏమో, థూ!”

“గా పఫ్‌ల డబ్బ తెప్పియ్. ఎట్ల తీసుకుంటున్నవో సూస్త.”

“యేసమ్మా, డబ్బ తే.”

“ఇగో బిడ్డా. రాత్రివి రెండు మిగిలినయి.”

“ఇదేందవ్వా? ఇది బేకరీ డబ్బ!”

“అవు మల్ల. ఏడాది సంది ఆధార్ కార్డు సూపిచ్చి ఫ్రీ బస్సెక్కుతున్న, శంషాబాద్ పోయి తెస్తున్న. పొద్దున రెండు, రాత్రి రెండు. మొదలు గుడ్డువి తెచ్చేదాన్ని. గుండెకాయన గుడ్డు వద్దన్నడని ఆలుగడ్డవి తెస్తున్న.”

“అయ్యో దేవా... తాతా, పఫ్ అంటే గిది గాదు. నోట్ల వెట్టుకొని పీల్చే మందు! చిన్న డబ్బ ఇయ్యలేదా నీకు?”

“గదా? అల్మారి మీదున్నది. సీలు గూడ ఇప్పలే. గది పీలిస్తే అలవాటైతదట. అయినా మందుల షాపాయన తెలుగుల రాసిండు, సూడు. పీల్చుడని ఉన్నదా? రెండు పఫ్‌లు అని ఉన్నది. పఫ్ అంటే నాకు తెల్వదా?”

“నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు. మైద, డాల్డ తిని షుగరు పెంచుకున్నవు, దమ్ముకేమో మందే వడలే. పోనీ, ఇప్పుడన్న దొరికింది. ఇగ సూడు. ఊపిరంత ఇడువు, నోట్ల వెట్టు, నొక్కు, మెల్లగ పీల్చు, పది దాక ఆపు. గిట్ల జేస్తే దవాఖాన ముఖం సూసే పని తగ్గుతది. తాతా? ఇంటున్నవా?”

“ఏమయ్యా, ఆ పిల్ల చెప్తుంటె ఆకాశంల ఏం సూస్తున్నవు?”

“ఆగున్రి. ఇమానం పోనియ్యున్రి.”

“ఇమానం లేదు తాతా.”

“మా అన్నకు గదే చీటీ బిడ్డా. ఆయనకు సదువు రాదు. దవాఖానోళ్లు సూపిచ్చినట్టు రోజు సక్కగ పీల్చుకునేటోడు. చీటీల గట్ల లేదన్నా అని సదివి చెప్పి, నేనే మాన్పిచ్చిన.”