కింద పెట్టరాని ముంత

పనసపండుకి సీటంట! ఇన్నావేటే తవిటమ్మా? మూడో తరగతి పెట్టిలో మనిసి నిలబడ్డానికే సోటు నేదు, పనసపండు మాత్రం కిటికీ కాడ దొరసానిలాగ కూకుంది.

పై బల్ల సంగతి అడక్కు. అంతా ఆ కళ్లజోడు బాబుదే. రెండు ట్రంకు పెట్టెలు, పరుపుచుట్ట, మావిడిపళ్ల గంప. ఆమదాలవలసలో ఎక్కిన కాడ్నుంచీ బతిమాలతన్నాను. "బాబూ, జానెడు జాగా ఇయ్యండి, ఈ ముంత ఒక్కటీ పైన ఎట్టుకుంటాను" అని. ఇన్నాడేటి?

"కింద పెట్టుకో తాతా" అంటాడు.

కింద ఎలాగ ఎట్టనే నిన్ను? గోదారిలో కలిపీదాకా అస్తికల ముంత నేలకి తగలకూడదని పంతులు మరీమరీ సెప్పినాడు గదా. అందుకే గుండెలకి అదుముకుని నిలబడ్డాను. సేతులు లాగీసినాయి. రైలు కుదిపినప్పుడల్లా, ఎక్కడ జారిపోతావోనని పేణం గిజగిజలాడిపోనాది.

"ఏటుంది తాతా అందులో?" అన్నాది ఆ బాబు పెళ్లాం. ఆవకాయని అబద్దమాడీసినాను. నిజం సెప్తే రైలు దింపీయరా? ఆయమ్మ పకపకా నవ్వీసి, "ఆవకాయని సంటిపిల్లలాగ మోస్తావేటి? కింద పెడితే అరిగిపోద్దా?" అన్నాది.

ఒళ్లు మండిపోనాది నాకు.

"ఆవకాయి కాదమ్మా. మా ఇంటిదాని అస్తికలు" అనీసినాను.

ఓలమ్మో, అప్పుడు సూడాలి! పెట్టెలు, గంప, పరుపుచుట్ట, అన్నీ లాక్కుని మైల మైలంటూ ఆ సివరకి పరిగెట్టినారు. జానెడు జాగా ఇవ్వనోలు బల్లంతా వొదిలీసినారు. పనసపండుని మాత్రం మర్సిపోనేదు సుమీ!

గరివిడి దాటీసినాం. కిటికీ కాడే కూకోబెట్టినాను నిన్ను. గాలి తగుల్తన్నాదా? బొగ్గునుసి కళ్లల్లో పడతాది, కొంగు అడ్డమెట్టుకో. నా బుర్ర మండా, కొంగెక్కడిదే నీకింక?

ఆళ్లని తిడతన్నాను గానీ... సిమ్మాద్రప్పన్న కొండకి ఎల్లినప్పుడల్లా ఈ రైల్లోనే గదా ఎల్లీవోలం. తెల్లబట్టలోడు పెట్టి పట్టుకుని ఎక్కితే సాలు. ఆడు నోరిప్పకముందే, "ఒసే, లెగిసి కింద కూకో" అని నిన్ను లేపీసిందెవులు? నానే గదా! ఆడి పెట్టికి నీ సోటు ఇచ్చీసి, "ఎట్టండి బాబూ" అని ఇకిలించీవోన్ని. నువ్వేమో సెప్పులు ఇడిసీసిన కాడ కొంగు పరుసుకుని కూకునీదానివి. ఒక్కనాడైనా మొకం మాడ్సుకున్నావేటే?

బతికున్నన్నాళ్లూ కింద కూకోబెట్టినాను. సచ్చిపోనాక కింద ఎట్టకూడదంట!

ఆ మాటేదో పెళ్లినాడే సెప్పొచ్చు గదా, ఆ పంతులు?

సెప్తే మాత్రం... ఇనీవోన్నేటి నాను?